ఆ చెల్లెలి కోసం మా అమ్మమ్మ ఏడ్చిన రోజు

కాకినాడలో బస్సు కాంప్లెక్సు దగ్గర పాత పుస్తకాలు నేల మీద పరిచి అమ్ముతారు. ఆ పుస్తకం అక్కడ పోటీ పరీక్షల గైడ్ల కింద నలిగి దొరికింది. అట్ట బూడిద రంగు, బొమ్మ లేదు, ఒక మూల తడిసి ఆరిన మరక ఉంది. మొదటి సగం వచనం, రెండో సగం కవితలు. రాసినావిడ యూదుల ఆడపిల్ల. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల క్యాంపులో ఉండి, బతికి బయటపడి, ముసలితనంలో తన భాషలో రాసుకుంటే ఎవరో దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. హోలోకాస్ట్ గురించి అప్పటిదాకా నాకు తెలిసింది స్కూలు పుస్తకంలోని ఒక పేరా మాత్రమే. అందులో చనిపోయినవాళ్ళ సంఖ్య ఉండేది. పరీక్షలో ఆ సంఖ్య సరిగ్గా రాశాను, మార్కు వేశారు.

నేను కాకినాడలోనే ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో పనిచేస్తాను. రోజూ మా ఊరి నుంచి బస్సులో వెళ్ళి వస్తాను. పని కంప్యూటరుతో కాబట్టి మాటలు పెద్దగా అక్కర్లేదు, అది నాకు సుఖం. డైరీ రాస్తానని ఇంట్లో తెలుసు, ఏం రాస్తానో తెలియదు. ఇంగ్లీషు పుస్తకాలు చదువుతానని ఆఫీసులో ఎవరికీ తెలియదు. బస్సులో లంచ్ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, దాని చాటున పేజీ తెరిచి చదువుతాను.

ఈ పుస్తకాన్ని అలా చదవడం కుదరలేదు. రాసినావిడ గొంతు పెంచదు, ఎవరినీ తిట్టదు. ఫలానా రోజు ఎండ కాసింది, ఫలానా రోజు చారులో బంగాళాదుంప ముక్క వచ్చింది, అన్నట్టే, ఫలానా రోజు మా వరసలో ఇద్దరు తగ్గారు అని చెబుతుంది. సాయంత్రం బస్సులో జనం కిక్కిరిసి ఉంటే కండక్టరు "లోపలికి జరగండమ్మా, ఇంకా జరగండి" అని అరుస్తుంటాడు. రోజూ వినే మాటే. ఒకరోజు ఆ మాట చెవిన పడగానే మా ఊరు రాకుండానే దిగిపోయి మిగతా దారంతా కాలవ గట్టు మీద నడిచాను.

ఇంకోసారి ఆఫీసు పని మీద రాజమండ్రి వెళ్ళాలి. సామర్లకోటలో రైలు మారాను. పక్క లైను మీద గూడ్సు ఆగి ఉంది. ఇనప పెట్టెలు, తలుపులకి సీలు, పైన చిన్న సందు. పుస్తకంలో మనుషుల్ని కుక్కి తీసుకెళ్ళింది అలాంటి పెట్టెల్లోనే. లోపల ఎరువు బస్తాలో, బియ్యమో ఉంటాయని తెలుసు. చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి తియ్యటి వాసన వస్తోంది, పిల్లలు సమోసాలు తింటున్నారు. నేను మాత్రం ఆ సందుల వంక చూస్తూ నిలబడ్డాను. ఏదైనా కదిలితే ఏం చేయాలా అని ఆలోచిస్తున్నాను. గూడ్సు కదిలి వెళ్ళిపోయాక, నా రైలు కూడా వెళ్ళిపోయిందని తెలిసింది. ఆ రాత్రి డైరీలో "రైలు తప్పింది" అని మాత్రం రాశాను.

మా అమ్మ గురించి ఇక్కడ చెప్పాలి. నేను మాటలు నేర్చుకుంటున్న వయసులో ఆమె చనిపోయింది. జ్వరంతో అని చెప్పారు. నాన్న జంగారెడ్డిగూడెం వైపు పామాయిల్ తోటల్లో పని చూసుకుంటూ అక్కడే మళ్ళీ పెళ్ళి చేసుకుని ఉండిపోయాడు. నన్ను అమ్మమ్మ పెంచింది. ఇంట్లో మావయ్య, అత్తయ్య ఉంటారు. ముగ్గురూ నన్ను బాగానే చూసుకున్నారు. అయితే అమ్మ మాట ఎత్తితే చాలు, అత్తయ్యకి పొయ్యి మీద పాలు గుర్తొచ్చేవి, మావయ్యకి రొయ్యల చెరువు గుర్తొచ్చేది. అమ్మమ్మ వినపడనట్టే ఉండేది. అమ్మ గొంతు ఎలా ఉండేది, కోపం వస్తే ఏం చేసేది, నన్ను ఏమని పిలిచేది, ఇవేవీ నాకు తెలియవు. పెళ్ళి ఫొటో ఒకటి ఉంది. అందులో తల వంచుకుని ఉంటుంది, ముఖం సగమే కనిపిస్తుంది.

నాకు తెలిసిన విడ్డూరం ఏమిటంటే, మా అమ్మమ్మ ఏడవడంలో పేరున్న మనిషి. మా వైపు ఎవరైనా పోతే ఆడవాళ్ళు వరసపెట్టి ఏడుస్తారు. పోయినవాళ్ళని వరస పెట్టి పిలుస్తూ, వాళ్ళు ఏం తినేవారు, ఎలా నవ్వేవారు, ఎవరి చేతిలో ఏ బాధలు పడ్డారు, అన్నీ రాగం తీసి చెబుతారు. ఆ ఏడుపులో ఒక మనిషి బతుకంతా వస్తుంది. కోడళ్ళు అత్తల మీది కసి తీర్చుకునేదీ, అక్కచెల్లెళ్ళు ఆస్తి మాటలు అనేసేదీ అందులోనే. ఏడుపులో అన్న మాటని మర్నాడు ఎవరూ ఎత్తరు, ఎత్తకూడదు. మా అమ్మమ్మ వెళ్తే చావింట్లో మగవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకునేవారట. "పెళ్ళికి సన్నాయి మేళం, చావుకి మీ అమ్మమ్మ" అని పక్కింటి మామ్మగారు నన్ను ఆటపట్టించేది. అదే మామ్మగారు ఒకసారి నేను వింటున్నానని చూసుకోకుండా ఎవరితోనో అంది, "ఊళ్ళో అందరికీ ఏడ్చింది, కన్నకూతురు పోతే మాత్రం నోరు విప్పలేదు" అని. అమ్మ పోయిన రోజు నుంచి అమ్మమ్మ ఎవరి చావుకీ ఏడవలేదు. వెళ్తుంది, కూర్చుంటుంది, వచ్చేస్తుంది.

ఆ ఏడుపు ఆ రోజు జరిగి ఉంటే అమ్మ ఎలాంటిదో ఊరంతా విని ఉండేది. ఎవరో ఒకరు నాకు చెప్పి ఉండేవారు.

పుస్తకం మొదలుపెట్టిన రెండో ఆదివారమో మూడో ఆదివారమో, మధ్యాహ్నం అన్నం కలిపి తినలేక కంచం పక్కకి పెట్టాను. అమ్మమ్మ అరుగు మీద కూర్చుని కొబ్బరాకుల్లోంచి ఈనెలు తీస్తోంది. చీపుళ్ళు కట్టడానికి. కత్తి ఆకు వెంట జారిస్తే పచ్చటిది ఒకవైపు పడిపోయి, ఈనె చేతిలో మిగులుతుంది.

"ఏంటే అది, తిండి మానిపిత్తంది? పరీచ్చ పుస్తకమా?"

"కాదు అమ్మమ్మా. ఒకావిడ తన కథ రాసుకుంది."

"సచ్చిపోయిందా?"

"ఆవిడ బతికింది. ఇంట్లో మిగతా అందరూ పోయారు."

"అందరూనా? రోగమా, వరదా?"

జర్మనీ అనే దేశంలో సర్కారే పూనుకుని, ఒక జాతి వాళ్ళందరినీ ఇళ్ళలోంచి లాగి, రైళ్ళలో ఎక్కించి, చంపడానికని కట్టిన చోటికి తీసుకెళ్ళిందని చెప్పాను. అమ్మమ్మ కత్తి ఆపి నా వంక చూసింది. నేను కల్పించి చెబుతున్నానా అని చూసినట్టుంది. తరవాత "సదువు, ఇంటాను" అంది.

అలా ఆదివారం మధ్యాహ్నాలు చదవడం మొదలైంది. ఇంగ్లీషు వాక్యం కళ్ళతో చూసి, తెలుగులో నోటితో చెప్పాలి. పదిమంది ముందు పేరు చెప్పడానికే తడబడేదాన్ని, అమ్మమ్మ ముందు అంతసేపు ఎలా మాట్లాడానో నాకే తెలియదు. నది ఒడ్డున ఒక చిన్న ఊరు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు. అక్కకి పెళ్ళీడు వచ్చింది, చెల్లికి ఇంకా తన జడ తను వేసుకోవడం రాదు. అక్కే వేసేది. క్యాంపులోకి వెళ్ళగానే ఆడవాళ్ళందరికీ గుండు గీశారని చదివాను.

"ఏ దేవుడికి?" అంది అమ్మమ్మ.

"దేవుడికి కాదు అమ్మమ్మా."

"మరి మొక్కు లేకుండా గుండేంటి?"

జుట్టు సంచుల్లోకి ఎత్తి వాడుకోవడానికి పంపేవారని చెప్పాను. తిరుపతి వెళ్ళి మూడుసార్లు తలనీలాలు ఇచ్చిన మనిషి. తన తల మీద చెయ్యి వేసుకుంది. ముంజేతి మీద నంబరు పొడిచారని చదివినప్పుడు తన పచ్చబొట్టు వంక చూసుకుంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ పొడిపించిందట, పోయాక మనతో వచ్చేది అదొక్కటేనని. "అయితే వాళ్ళకి ఆ అంకె ఎంటొత్తాదా?" అని అడిగింది. నేను పేజీ తిప్పాను. మంచు కురవడం అంటే ఏమిటో మాత్రం తేలిగ్గానే చెప్పగలిగాను. మావయ్య రొయ్యల మీద పోయించే ఐసు పొడిని ఆకాశం నుంచి పోసినట్టు అన్నాను. "అందులో నిలబెట్టారా ఒట్టికాళ్ళతో?" అంది. చెక్క చెప్పులు ఉండేవట అన్నాను. అదేదో మేలన్నట్టు చెప్పినందుకు నాకే సిగ్గేసింది.

చెల్లెలు పోయిన పేజీ వచ్చిన రోజు కూడా ఆదివారమే. మావయ్య చెరువు మీద ఉన్నాడు, అత్తయ్య పెరట్లో బట్టలు ఆరేస్తోంది. క్యాంపులో తెల్లవారకముందే అందరినీ వరసల్లో నిలబెట్టి లెక్క పెట్టేవారు. లెక్క తప్పితే మళ్ళీ మొదటి నుంచి. చెల్లెలికి జ్వరం. ఆసుపత్రి అని పేరు పెట్టిన పాక ఒకటి ఉంది, అక్కడికి వెళ్ళి పడుకుంటానని రాత్రంతా బతిమాలింది. అక్కడికి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం అక్క చూడలేదు. వద్దంది, చేయి పట్టుకుని ఆపింది. తెల్లవారి వరసలో, అక్క పక్కనే చెల్లెలు కూలిపోయింది. తల తిప్పినా, ఏడ్చినా కాపలావాళ్ళు వరసలోంచి లాగేస్తారు. అక్క తల తిప్పలేదు. లెక్క పూర్తయ్యేదాకా ముందుకే చూస్తూ నిలబడింది. లెక్క పూర్తయ్యాక పక్కన చెల్లెలు లేదు. ఆ రోజు ఆగిన ఏడుపు మళ్ళీ ఎప్పుడూ రాలేదని, దాని బదులు కవితలు వచ్చాయని రాసింది. వెనక ఉన్న కవితలో కూడా చెల్లెలి పేరు లేదు, ఏడుపు లేదు. వరసలో ఒక మనిషంత ఖాళీ, దాని మీద పడుతున్న మంచు, అంతే ఉంటుంది.

నేను ఆగాను. అమ్మమ్మ చేతిలో కత్తి ఆకు మధ్యలో నిలిచిపోయి ఉంది.

"ఆ పిల్లకి ఎవరూ ఏడవలేదా?"

"లేదు అమ్మమ్మా."

"తరవాతన్నా? పదో రోజునన్నా?"

"పదో రోజు చేయడానికి ఎవరూ లేరుగా."

"ఏడవకుండా పంపేత్తారా ఎక్కడన్నా" అంది అమ్మమ్మ, నాతో కాదు. కత్తి కింద పెట్టింది. కొంగు తల మీదికి లాక్కుంది. నేను నీళ్ళు తాగడానికి లేస్తుందనుకున్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని, చెయ్యి మోకాలి మీద కొట్టుకుని, రాగం తీసింది.

"ఓ నా తల్లో... జడేసుకోటం రాని నా తల్లో... నీ జడెవరు తెంపేరే నా తల్లో... ఐసులో నిలబెట్టేరా నిన్ను, ఒణుకుతా నిలబడ్డావా నా తల్లో..."

అంతకుముందు నేను ఆ గొంతు వినలేదు. మాట్లాడే గొంతు కాదది. ఎక్కడో లోతులోంచి వచ్చి వీధి చివరిదాకా వెళ్ళే గొంతు. ఆపాలో, పట్టుకోవాలో తెలియక పుస్తకం గుండెకి అదుముకుని కూర్చున్నాను.

మా వీధిలో ఆ గొంతుకి ఒకటే అర్థం. పక్కింటి మామ్మగారు పొయ్యి ఆర్పేసి, జుట్టు ముడి కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది. ఎవరని అడగలేదు. సామర్లకోటలో మా అమ్మమ్మ తమ్ముడు కొన్నాళ్ళుగా మంచంలో ఉన్నాడు, ఆయనే అనుకుంది. అమ్మమ్మని వాటేసుకుని తనూ అందుకుంది. "ఎల్లిపోయావా తమ్ముడో... పోయినేడు వచ్చినప్పుడు బెల్లం దిమ్మ ఇచ్చి ఎల్లావు గదరా తమ్ముడో..." అత్తయ్య తడిచేతులతో వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. వీధిలో తలుపులు తెరుచుకుంటున్నాయి.

అప్పటికి అమ్మమ్మ పాట మారింది.

"చంటిదాన్ని చంకనేసుకుని పుట్టింటికొత్తివి గదే తల్లో... కళ్ళు పచ్చబడితే కాటుకెట్టి దాపెడితినే నా తల్లో... పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమ్మా అంటే ఒద్దంటినే... పసరు పోయించితే కామెర్లు పోతాయంటినే... నా చేత్తో నేనే పోత్తినే నా తల్లో..."

పుస్తకంలో ఆ చెల్లెలికి పెళ్ళి కాలేదు. చంకలో పిల్ల లేదు. కామెర్లు లేవు, పసరు లేదు.

మామ్మగారి ఏడుపు మధ్యలో తెగింది. అమ్మమ్మ భుజం మీది నుంచి తలెత్తి నా వంక చూసింది, అత్తయ్య వంక చూసింది. అత్తయ్య చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అమ్మమ్మ ఒక్కతే ఇంకా కొంతసేపు ఏడ్చింది. మాటలు అయిపోయి రాగం మిగిలింది, రాగం అయిపోయి ఊపిరి మిగిలింది. తరవాత కళ్ళు తెరిచి, ఇంతమంది ఎందుకు వచ్చారన్నట్టు చూసింది.

"ఎవరు పోయారక్కా?" అంది మామ్మగారు చివరికి.

"జర్మనీ వాళ్ళు సంపేసేరు, ఒక పిల్లని" అంది అమ్మమ్మ.

"మన పిల్లా?"

"కాదు."

మామ్మగారు నా వైపు తిరిగింది. "ఎప్పుడమ్మా?"

"చాలా ఏళ్ళయిందండీ. మీరు పుట్టారో లేదో. యుద్ధంలో."

"మరి ఇప్పుడా కబురు రావటం?"

ఎవరూ నవ్వలేదు. ఆ లోపు మావయ్య బండి మీద వచ్చి దిగాడు, మోకాళ్ళ దాకా బురదతో. ఎవరో ఫోను చేసి మీ అమ్మగారు పోయారని చెప్పారట. దారిలో టెంటు హౌసు అతను కూడా ఫోను చేసి, శవాన్ని పెట్టే ఐసు పెట్టె పంపమంటారా అని అడిగాడట. అరుగు మీద కూర్చున్న తల్లిని చూసి మావయ్య మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగిపోయాడు. ఊపిరి అందాక తిట్టడం మొదలుపెట్టాడు.

"ఏంటమ్మా ఇది? నీకు మతి గానీ పోయిందా? నువ్వూ ఏంటే, నీ పుస్తకాలేంటి? ముసలిదానికి ఏం చదివి వినిపిత్తన్నావు?"

"కేకలెయ్యకండి" అని అత్తయ్య ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి ఏదో చెప్పింది. మావయ్య కాళ్ళు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. బురద ఎప్పుడో పోయింది, నీళ్ళు పారుతూనే ఉన్నాయి, ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. పోయిన మా అమ్మ ఆయనకి అక్క.

జనం వెళ్ళిపోయాక అమ్మమ్మ లేచి, "నీళ్ళు పెట్టవే, తల మీద పోసుకోవాలి" అంది అత్తయ్యతో. చావుకి ఏడ్చిన మనిషి తలస్నానం చేయకుండా ఇంట్లో తిరగకూడదు. ఎవరి చావుకని అత్తయ్య అడగలేదు. నీళ్ళు పెట్టింది.

ఆ వారం ఇంట్లో అందరూ మామూలుగానే ఉన్నారు. ఏడుపులో మాట ఎవరూ ఎత్తలేదు, అది పద్ధతి. నేను మాత్రం మామూలుగా ఉండలేకపోయాను. ఇన్నాళ్ళూ జ్వరం అన్నారు. ఇప్పుడు నాకు పచ్చబడ్డ కళ్ళు తెలుసు, వాటి కింద కాటుక తెలుసు. బస్సులో ఎదురు సీట్లో ఎవరో ముఖానికి పసుపు రాసుకుని కూర్చుంటే తల తిప్పేసుకున్నాను. ఫొటో తీసి, వంచుకున్న ఆ ముఖంలో కళ్ళు కనిపిస్తాయేమోనని వెలుతురుకి పెట్టి చూశాను. అమ్మమ్మ మీద కోపం వస్తుందని ఎదురుచూశాను. వచ్చిందో లేదో చెప్పలేను. ఆవిడ అన్నం పెడుతుంటే ఆ చేతి వంకే చూసేదాన్ని. ఆ చేత్తోనే నన్ను పెంచింది కూడా.

ఇంకొక బాధ కూడా ఉంది, దాన్ని ఎవరితోనూ చెప్పుకోలేదు. ఆ అక్క తన చెల్లెలి గురించి అంత జాగ్రత్తగా, ఒక్క మాట ఎక్కువ కాకుండా రాసుకుంటే, మేము ఆ చావుని తీసుకుని మా ఇంటి చావుకి వాడుకున్నామేమో అని. ఆవిడ వింటే ఏమనేదో తెలియదు. ఆ చెల్లెలి కోసం ఎక్కడో ఒకచోట ఒక మనిషి గొంతెత్తి ఏడ్చిన మాటా నిజమే. ఈ రెంటినీ ఎలా కలపాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మళ్ళీ ఆదివారం. అన్నాలయ్యాక అమ్మమ్మ కొబ్బరాకులు ముందేసుకుని, "తేవే నీ పుస్తకం" అంది. అత్తయ్య లోపలి నుంచి తొంగి చూసి, "ఇంకా సదువుతారా, ఈసారి ఐసు పెట్టె వచ్చేసుద్ది" అంది. ఆ మాటలో నవ్వు ఉంది గానీ ఆమె ముఖం చూస్తే భయం ఉంది.

"ఎక్కడి నుంచి చదవమంటావు?" అన్నాను.

"ఆ అక్క బతికిందిగా. దాన్ని ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"దేనికి?"

"ఆసుపత్రికెల్తానంటే ఆపిందిగా."

ఆవిడ నా వంక చూడలేదు. కత్తి ఆకు వెంట జారుతోంది. ఆ పేజీ ఎక్కడుందో నాకు తెలుసు. చాలా ఏళ్ళ తరవాత, వేరే దేశంలో, పెళ్ళయి పిల్లలు పుట్టాక, ఆవిడ ఒక స్నేహితురాలికి మొదటిసారి ఇదంతా చెబుతుంది. స్నేహితురాలు ఆవిడ చెయ్యి పట్టుకుని, ఇందులో నీ తప్పు లేదు అంటుంది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. ఆ మాట అనగలిగింది చెల్లెలు ఒక్కతే, బతికున్నవాళ్ళెవరూ దాని తరఫున అనడానికి లేదు, అంటుంది.

పేజీ తెరిచి కూర్చున్నాను. ఇంగ్లీషు అమ్మమ్మకి రాదు. తప్పు లేదన్న దగ్గర ఆపేసి పేజీ తిప్పేయొచ్చు. ఆ పని చేయబోయాను కూడా. ఆ పేజీ రాసినావిడ ఒక్క మాట కూడా మార్చకుండా రాయడానికే బతికినట్టు రాసింది. ఉన్నది ఉన్నట్టు చదివాను. చెయ్యి వెనక్కి తీసుకోవడం కూడా చదివాను.

"అంతే మరి" అంది అమ్మమ్మ. "ఆవిడ సరిగ్గానే చెప్పింది."

ఈనె తీసి పక్కన కట్టలో పెట్టింది. ఇంకో ఆకు అందుకుంది. ఆవిడ భుజాలు కిందికి జారినట్టు అనిపించింది. తప్పు లేదన్న మాట కోసమే వారమంతా ఎదురుచూసి, రాకపోతే అదే న్యాయమని ఒప్పుకున్న మనిషిలా ఉంది.

నేను పుస్తకం మూసేశాను. ఇప్పుడు చెప్పబోయేదానికి ఏ పేజీ లేదు.

"అమ్మకి తగ్గాలనే కదా పోశావు" అన్నాను.

కత్తి ఆగింది. లోపల అత్తయ్య గిన్నెల చప్పుడు కూడా ఆగింది.

"ఏడుపులో మాట ఎత్తకూడదే" అంది అమ్మమ్మ మెల్లగా.

"ఎత్తాను."

కోప్పడుతుందనుకున్నాను. లేచి లోపలికి వెళ్ళిపోతుందనుకున్నాను. ఆవిడ ఒళ్ళో పడిన ఆకు పీచు ఒక్కొక్కటే ఏరి పారేసింది. నన్ను చూడకుండానే మాట్లాడింది, మామూలు గొంతుతో, రాగం లేకుండా.

"మొదట పోసింది ఊసేసింది. చేదని. చిన్నప్పుడు ఆముదం పడితే కూడా అంతే, ఎంత దూరం ఊసేదో. ముక్కు మూసి మళ్ళీ పోశాను. మింగేసింది. మింగి నా కొంగు లాక్కుని మూతి తుడుచుకుంది."

అంతవరకు చెప్పి ఆగింది. మా అమ్మ చేసిన పని ఒకటి నేను వినడం అదే మొదలు. ఆముదం ఊసేసే పిల్ల ఒకతె, కొంగు లాక్కుని మూతి తుడుచుకునే మనిషి ఒకతె, ఆ అరుగు మీదే ఎక్కడో ఉన్నట్టు అనిపించింది. ఇంకా ఏదైనా అడగాలి, ఆవిడ మళ్ళీ మూసుకుపోకముందే అడగాలి. ఏం అడగాలో తోచలేదు. ఇన్నేళ్ళుగా డైరీలో రాసుకున్న ప్రశ్నల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఏ చేత్తో తుడుచుకుంది?" అన్నాను.

అమ్మమ్మ మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

"ఎడం చేత్తో" అంది. "కుడి చంకలో నువ్వున్నావు."